ఆట ఆడించిన మనిషి: బుచ్చిబాబు నాయుడు

హాకీ ఆటకు వ్యాఖ్యానం ప్రసారమయ్యేటప్పుడు శ్రోతల చెవిని రెండు ధ్వనులు పదే పదే పడుతూ ఉంటవి. ఒకటి కర్రకు బంతి తగిలిన చప్పుడు, రెండవది ఈల. కర్ర ఎవరిదో వ్యాఖ్యాత చెబుతాడు. ఈల ఎవరిదో సాధారణంగా చెప్పడు. చెప్పినా మనం గుర్తుంచుకొనము. గోలు చేసినవాని పేరు ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. అది గోలేనని తేల్చినవాని పేరు మరునాటి పత్రికలో అట్టడుగున చిన్న అక్షరాలలో దాగి ఉంటుంది. ఇక మైదానం సంపాదించి, గీతలు గీయించి, ఎదుటి పక్షానికి జాబు వ్రాసి, ఇరవై ఇద్దరిని ఒక పూట ఒకచోట చేర్చినవాని పేరు ఆ చిన్న అక్షరాలలో కూడ కనిపించదు.

ఈ అంపైర్ల సంగతి కొంత విచిత్రమైనది. 1886లో లండనులో హాకీ సంఘం ఏర్పడి నియమాలు కుదిరిన తొలినాళ్ళలో అంపైరు తనంతట తాను తప్పు పట్టుటకు వీలులేదు. ఆటగాడు ఫిర్యాదు చేయవలెను. అప్పుడు మాత్రమే తీర్పు చెప్పవలెను. ఎవరూ అడుగకపోతే కళ్ళెదుట జరిగిన అక్రమమైనా జరగనట్లే లెక్క. పెద్దమనుషులు ఆడే ఆటలో పెద్దమనిషి తప్పు చేయడు, చేసినా ఒప్పుకొంటాడు అన్న నమ్మకం దీనికి మూలం. ఆట ఊరూరా వ్యాపించి, ఆడేవారు అనేక వర్గాల వారైన తరువాత ఆ నమ్మకం చాలలేదు. అంపైరుకు అడుగకుండానే ఈల వేసే అధికారం వచ్చినది. మైదానాన్ని రెండుగా విభజించి, ఒక్కొక్క సగానికి ఒక్కొక్క అంపైరును నిలుపుట ఆచారమైనది.

మన దేశంలో హాకీ సంఘాలను నడిపిన తొలితరం వారి గతీ ఇంతే. భారత హాకీ సమాఖ్య 1925లో గ్వాలియరులో ఏర్పడినది. మూడేండ్లు తిరగకముందే, 1928 మార్చిలో, ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్సుకు పోవు జట్టు బొంబాయిలో ఓడ ఎక్కినది. సాగనంపుటకు రేవుకు వచ్చినవారు ముగ్గురు: సమాఖ్య అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, ఒక పత్రికా విలేఖరి. ఆ జట్టు 29 గోలులు చేసి, ఒక్క గోలు కూడ ఇవ్వక, బంగారు పతకంతో తిరిగివచ్చినప్పుడు అదే రేవు జనంతో క్రిక్కిరిసినది. ఆ జనం ధ్యాన్‌చంద్‌ను చూడవచ్చినారు; జట్టును పంపినవారిని కాదు.

ఇట్టి మనిషి తెలుగువారిలో ఎవడైనా కలడా అని వెదకినప్పుడు మాకు తట్టిన పేరు హాకీకి చెందినది కాదు, క్రికెట్టుకు చెందినది. అదీ కృష్ణాతీరాన కాక మద్రాసు పట్టణంలో వెలసినది. కాని 1953 అక్టోబరు 1 వరకు కృష్ణాజిల్లా మద్రాసు రాష్ట్రంలోని భాగమే. బెజవాడ పిల్లవాడు పై చదువుకు రైలెక్కితే దిగేది మద్రాసు సెంట్రలులోనే. అక్కడి ఆటస్థలాలు మనవి కావని అనుటకు వీలులేదు.

ఆయన పేరు మోతవరపు వెంకట మహీపతి నాయుడు. ఊరంతా పిలిచినది బుచ్చిబాబు అని. మన కథకుడు బుచ్చిబాబును తలచుకొనే పాఠకులు పొరబడవద్దు. ఈయన అంతకు చాలా ముందటివాడు. 1868లో జన్మించి 1908లో, నలభై యేండ్ల ప్రాయంలోనే, కన్నుమూసినాడు.

ఆయన వంశం దుబాసీల వంశం. ఈ మాట ఇప్పటివారికి వివరించవలసి ఉన్నది. ద్విభాషి అన్న మాటే నలిగి దుబాసీ అయినది. ఇంగ్లీషువారు 1611లో మన బందరులో తమ వర్తకశాల పెట్టినారు. 1639లో మద్రాసులో కోటకు స్థలం సంపాదించినారు. దేశభాష రాని వర్తకునికి, ఇంగ్లీషు రాని రైతుకూ నేతగానికీ మధ్య మాట నడుపుటకు రెండు భాషలూ తెలిసిన మనిషి కావలెను. ఆ మనిషి మాటతో బాటు బేరం నడిపినాడు, అప్పు ఇప్పించినాడు, పూచీ నిలిచినాడు, తానూ ధనవంతుడైనాడు. మద్రాసు దుబాసీలలో తెలుగు కుటుంబాలు అనేకం. బుచ్చిబాబు తాతగారు పేరుపొందిన ప్యారీ కంపెనీకి దుబాసీ. మనుమని తానే పెంచినాడు. మైలాపూరు సమీపాన లజ్ ప్రాంతంలో వారి మేడ. దానికి లజ్ హౌస్ అని పేరు. ఇంట దొరసానులు చదువు చెప్పినారు. గుర్రం, బంతి, బ్యాటు ఆ ఇంట చిన్ననాటినుండే ఉన్న వస్తువులు.

రెండు పక్షాల మధ్య నిలబడి మాట కుదుర్చుట తాతగారి వృత్తి. మనుమడు చేసినదీ ఇంచుమించు అదే పని. సరుకు మాత్రం వేరు.

అప్పుడు మద్రాసులో క్రికెట్టు అంటే మద్రాసు క్రికెట్ క్లబ్బు. 1846లో వెలసిన ఈ క్లబ్బు 1865లో చేపాకం మైదానం చేరినది. దీనిని పొడి అక్షరాలలో ఎం.సి.సి. అంటారు. లండనులోని మారిల్‌బోన్ క్లబ్బుకూ అవే అక్షరాలు. పాత పత్రికలు చదివేవారు ఏది ఏదో చూచుకొనవలెను. మద్రాసు క్లబ్బులో సభ్యత్వం తెల్లవారికే. భారతీయులు చూడవచ్చును, పిలిచినప్పుడు ఎదుటి పక్షంగా వచ్చి ఆడవచ్చును. ఆడిన తరువాత ఏమగును?

క్రికెట్ చరిత్ర వ్రాసినవారు చెబుతూ వచ్చిన ఉదంతం ఒకటి ఇక్కడ కలదు. చేపాకంలో ఆట. మధ్యాహ్నం భోజన విరామం వచ్చినది. యూరోపియను ఆటగాండ్రు పెవిలియనులోనికి వెళ్ళి బల్లల ముందు కూర్చున్నారు. అంతవరకు వారితో సమంగా ఎండలో పరుగెత్తిన భారతీయులకు లోపలికి ప్రవేశం లేదు. వారి భోజనం బయట చెట్టు క్రింద. యువకుడైన బుచ్చిబాబుకు ఇది మనసులో నాటినది.

ఈ ఘటనను ఇప్పుడు చదువుతుంటే మనకు కోపం రావచ్చును. కాని ఆనాటి మద్రాసులో అది వింత కాదు, మామూలు. పిలిచినారుగదా, ఆడనిచ్చినారుగదా అని తృప్తిపడినవారే ఎక్కువ. ఇంట దొరసానుల చదువు, వాకిట గుర్రాలు, తాతకు దొరల కంపెనీలో పలుకుబడి, ఇవన్నీ ఉండి కూడ భోజనం వేళకు చెట్టు క్రిందికే పోవలసి వచ్చినదన్నది బుచ్చిబాబుకు కొత్త పాఠం అయి ఉండవచ్చును. లేనివానికి ఆ పాఠం ఎప్పుడో వచ్చు.

ఆయన ముందు మూడు దారులు ఉన్నవి. ఆట మానవచ్చును. పెవిలియను తలుపు తట్టి అర్జీలు పెట్టవచ్చును. లేదా తన పెవిలియను తాను కట్టుకొనవచ్చును. బొంబాయిలో పార్సీలు ఆ రోజులలోనే రెండవ దారి పట్టి ఉండిరి. ఎస్ప్లనేడు మైదానంలో దొరల పోలో గుర్రాలు క్రికెట్టు నేలను త్రొక్కి పాడుచేయుచున్నవని 1880 ప్రాంతాలలో సంతకాలు సేకరించి ప్రభుత్వానికి మహజర్లు సమర్పించినారు. బుచ్చిబాబు మూడవ దారి ఎన్నుకొన్నాడు. 1888లో, ఇరవై యేండ్ల వయసున, మద్రాసు యునైటెడ్ క్లబ్బు స్థాపించినాడు. యాదృచ్ఛికమో ఏమో, దాని స్థలం కూడ ఎస్ప్లనేడే. మద్రాసులోని ఎస్ప్లనేడు అన్నమాట.

క్లబ్బు స్థాపించుట అని వ్రాయుటకు ఒక్క వాక్యం చాలును. చేయుటకు ఏమేమి కావలెనో కొంత చెప్పవలెను. ఈ వ్యాసం వ్రాయబూనుటకు అదే కారణం. ఆటకు నేల కావలెను. నేల చదును చేయుటకు రోలరు, దానిని లాగుటకు ఎద్దులో మనుషులో కావలెను. బ్యాటుకు పనికివచ్చే విల్లో కొయ్య మన దక్షిణాన పండదు. బ్యాటు, బంతి, కాళ్ళకు కట్టుకొనే ప్యాడ్లు ఓడమీద రావలెను, వాటికి రొక్కం కావలెను. ఆడుట రానివారికి నేర్పవలెను. నేర్చినవారికి ఎదుటి పక్షం చూపవలెను. ఎన్నడూ తమలో తామే ఆడుకొనేవారికి తమ బలం ఎంతో తెలియదు. ఆనాటి పద్ధతి ప్రకారం ఒక్కొక్క జట్టు తన వెంట ఒక అంపైరును తెచ్చుకొనేది. అతని తీర్పు తప్పని రెండవ జట్టు అలిగితే సర్దిచెప్పుటకు ఒకరు ఉండవలెను. ఇక భోజనం ఉండనే ఉన్నది. బుచ్చిబాబు వీటికి డబ్బు తన చేతిది పెట్టినాడు, కుర్రవాండ్రను తానే చేరదీసినాడు, తాను జట్టులో నిలిచి ఆడినాడు.

ఇక్కడ మేము ఒక మాట దాచుట న్యాయం కాదు. మద్రాసు యునైటెడ్ క్లబ్బు అందరి క్లబ్బు కాదు. అక్కడికి వచ్చినవారు ఇంగ్లీషు చదువు గలవారు, కలిగినవారి బిడ్డలు, ఉద్యోగస్థులు. తెల్లవాని పెవిలియను వెలుపల నిలిచిన భారతీయుని వెనుక, ఆ భారతీయుని పెవిలియనులోనికీ రానివారు మరెందరో ఉండిరి. పూనాలో పల్వంకర్ బాలూ అనే బౌలరు కథ ప్రసిద్ధమైనది. దళిత కుటుంబంలో పుట్టిన ఆయన హిందువుల జట్టుకు వికెట్లు పడగొట్టినాడు. కాని టీ వేళకు ఆయనకు బయట మట్టిపాత్రలో పోసినారు, లోపల తోటి ఆటగాండ్రు పింగాణి కప్పులలో త్రాగినారు. 1911లో భారతదేశపు జట్టు ఇంగ్లండు వెళ్ళినప్పుడు అందరికంటె ఎక్కువగా రాణించినది ఆయనే. చెట్టు క్రింది భోజనాన్ని తప్పుపట్టిన మనం ఈ మట్టిపాత్రను మరచిపోతే లెక్క సరిపోదు.

తిరిగి మద్రాసుకు వద్దాము. క్లబ్బు పెట్టి ఇరవై యేండ్లు గడచినవి. సొంత పెవిలియనుతో తృప్తిపడక బుచ్చిబాబు మరొక ఆలోచన చేసినాడు. యూరోపియనులు ఒక పక్షం, భారతీయులు ఒక పక్షం. ఏటేటా క్రమంగా జరిగే పోటీ. పిలుపు మీద ఒకనాడు పోయి ఆడి వచ్చుట కాదు. తేదీ నిర్ణయం ఇరువురిది, నియమాలు ఇరువురివి, అతిథి ఆతిథేయి భేదం లేదు. మద్రాసు క్రికెట్ క్లబ్బులో పార్ట్రిడ్జి అనే పెద్దమనిషి ఈ ఆలోచనకు అంగీకరించినాడు. దుబాసీ మనుమడు రెండు పక్షాల చేత ఒక మాట అనిపించినాడు. 1908 డిసెంబరులో ఆట నిశ్చయమైనది.

ఆ ఆట బుచ్చిబాబు చూడలేదు. ఇక కొద్ది రోజులున్నదనగా మరణించినాడు.

ఆట ఆపుదామా అన్న ప్రశ్న రాకుండా ఉండదు. ఆపలేదు. భారతీయుల పక్షాన బి. సుబ్రహ్మణ్యం నాయకత్వం వహించినాడు. నిశ్చయించిన ప్రకారమే ఆట జరిగినది. నాయకుడు పోయినా నిలిచే ఏర్పాటు చేసి పోయినాడా లేదా అన్నదే నిర్వాహకునికి పరీక్ష. ఆటగానికి అట్టి పరీక్ష లేదు.

తరువాత కొన్నేండ్లు అప్పుడప్పుడు జరిగి, 1915–16 నుండి ఇది ప్రెసిడెన్సీ మ్యాచి అన్న పేరుతో స్థిరపడినది. ఆడేది సంక్రాంతి దినాలలో గనుక అరవవారు పొంగల్ మ్యాచి అన్నారు. డెల్టాలో మనకు సంక్రాంతి అంటే కోడిపందేలు, ఎడ్లపందేలు. అక్కడ అదే ఎండలో చేపాకం చుట్టూ జనం. నాగపూరులో తెలుగు కుటుంబాన పుట్టిన కొట్టారి కనకయ్య నాయుడు, మనం సి.కె. నాయుడు అని పిలుచుకొనే మహానుభావుడు, ఈ ఆటలలోనే మద్రాసువారికి తన సిక్సరు రుచి చూపినాడు. చేపాకం ఆవరణ దాటి పడిన ఆయన బంతిని గురించి ఆ ఊరి వృద్ధులు తరాలు చెప్పుకొన్నారు. దూరం మాత్రం చెప్పినప్పుడల్లా కొంత పెరిగినది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత యూరోపియనుల పక్షానికి ఆటగాండ్రు తగ్గిపోయినారు. 1952తో ఆ పోటీ ముగిసినది.

బుచ్చిబాబు కుమారులలో బాలయ్య, రామస్వామి ఈ మ్యాచీలలో పేరు తెచ్చుకొన్నారు. రామస్వామి కోట వారి ఇంటికి దత్తు వెళ్ళినాడు. ఇంగ్లీషు పుస్తకాలలో ఆ ఇంటిపేరు ఏవేవో అక్షరాలు పెరిగి కొటా అని పలుకునట్లు అచ్చయినది. మనకు కోట రామస్వామి అంటేనే నోటికి ఇంపు. 1896లో పుట్టినాడు. కేంబ్రిడ్జిలో చదివినాడు. 1922లో డేవిస్ కప్పు టెన్నిసులో భారతదేశం పక్షాన ఆడి, ఫైజీతో జతకట్టి రుమేనియా మీద గెలిచినాడు. స్వదేశం వచ్చి వ్యవసాయశాఖలో ఉద్యోగం చేసినాడు.

ఇక 1936వ సంవత్సరం. ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు నాయకుడు విజయనగర రాజకుటుంబీకుడైన విజ్జీ. జట్టులో సి.కె. నాయుడు. వారితో కోట రామస్వామి. మూడు తెలుగు పేర్లు ఒక్క జట్టులో! రామస్వామికి అప్పటికి నలభై నిండినవి. తండ్రి మరణించిన వయసు. మాంచెస్టరులో ఆయన మొదటి టెస్టు. ఎడమచేతి ఆటతో 40, 60 పరుగులు చేసినాడు. ఓవల్ మైదానంలో 29, తరువాత అవుటు కాకుండా 41. మొత్తం 170 పరుగులు, సగటు 56.66. ఆయన టెస్టు జీవితం ఇంతటితో సరి. ఈ అంకెలు చూచి, నలభై యేండ్ల వానిని ఎందుకు తీసుకొనిపోయినారని అడుగుట మాని, ముప్పై యేండ్లప్పుడు ఆడుటకు ఏ టెస్టూ లేకపోయెనే అని విచారింపవలసి ఉన్నది. భారతదేశానికి మొదటి టెస్టు 1932లో మాత్రమే.

ఆ జట్టులోనే మద్రాసువాడైన ఎం.జె. గోపాలన్ కూడ ఉండెను. ఆయనతో మా కథ మరల హాకీకి వచ్చినది. 1934 నవంబరు 4న రంజీ ట్రోఫీ పోటీలలో మొట్టమొదటి బంతి వేసినవాడు గోపాలనే. 1935లో ధ్యాన్‌చంద్ నాయకత్వాన న్యూజీలాండు వెళ్ళిన హాకీ జట్టులోనూ ఆడినాడు. 1936లో ఒకే వేసవిలో రెండు ప్రయాణాలు ఎదురైనవి: బెర్లిను ఒలింపిక్సుకు హాకీ, ఇంగ్లండుకు క్రికెట్టు. గోపాలన్ క్రికెట్టు కోరుకొన్నాడు. ఆ పర్యటనలో ఒక్క టెస్టులోనూ ఆయనకు చోటు దొరకలేదు. ఆగస్టు 15న లండను ఓవల్‌లో మూడవ టెస్టు ఆరంభమైనది. హామండ్ బ్యాటు వెనుక మనవారు బంతి కోసం పరుగెత్తుచుండగా, అదేనాడు బెర్లినులో మన హాకీ జట్టు జర్మనీని 8–1 తేడాతో ఓడించి బంగారు పతకం గెలిచినది. గోపాలన్ 2003లో మరణించేవరకు ఈ ఎంపిక గురించి అడగని విలేఖరి లేడేమో!

హైదరాబాదు పక్షాన కూడ ఇట్టి బహుముఖ క్రీడాకారుడు ఒకడు కలడు. సయ్యద్ మహమ్మద్ హాదీ. హాకీ, ఫుట్‌బాల్, పోలో, చదరంగం మొదలుగా ఏడు ఆటలు ఆడినవాడని ఆయనను రెయిన్‌బో హాదీ అన్నారు. 1924 పారిస్ ఒలింపిక్సులో టెన్నిసు ఆడినాడు. రంజీ ట్రోఫీలో మొదటి శతకం, 132, ఆయనదే. హాదీ జీవితానికి వేరొక వ్యాసం కావలెను గనుక ఇక్కడ ఇంతటితో విడుస్తున్నాము.

రామస్వామి ఆడుట చాలించిన తరువాత తండ్రి పని చేపట్టినాడు. జట్టును ఎంపికచేసే సంఘంలో సభ్యుడైనాడు. 1952–53లో వెస్టిండీసు వెళ్ళిన భారత జట్టుకు మేనేజరుగా పోయినాడు. ఆ పదవిలో సామాను లెక్క, బసల ఏర్పాటు, గాయపడినవారి మందులు, అలిగినవారి బుజ్జగింపు, విందులలో ఉపన్యాసం, ఇవన్నీ పడతవి. పరుగు ఒక్కటీ పడదు. 1985 అక్టోబరు 15న, ఎనభై తొమ్మిదవ యేట, మద్రాసు అడయారులోని ఇంటినుండి బయటకు వెళ్ళినాడు. తిరిగి రాలేదు. ఎంత వెదకినా జాడ తెలియలేదు. టెస్టు ఆటగాండ్ర జాబితాలలో ఇతరుల పేర్ల ఎదుట పుట్టిన తేదీ, పోయిన తేదీ ఉంటవి. ఆయన పేరు ఎదుట మరణించినట్లు భావించబడుచున్నది అని ఉంటుంది.

తండ్రి పేరు మాత్రం ఏటేటా వినిపిస్తూ వచ్చినది. బుచ్చిబాబు మరణించిన మరుసటి యేడు, 1909లో, ఆయన స్మారకంగా మద్రాసులో ఒక క్రికెట్ పోటీ ఆరంభించినారు. మొదట అది నగరంలోని జట్ల పోటీ. క్రమంగా ఇతర రాష్ట్రాల జట్లను పిలిచే పోటీ అయినది. రంజీ కాలానికి ముందు ఆటగాండ్రు చేయి సరిచూచుకొనే చోటుగా పేరుపొందినది. నడుమ కొన్నేండ్లు ఆగి, 2023లో మరల మొదలైనది. 2024లో ఆ కప్పును హైదరాబాదు జట్టు గెలుచుకొన్నది. ఆ వార్త చదివిన శ్రోతలలో కొందరు, మనవాడు ఎవడో బుచ్చిబాబు అట, ఆయన ఎన్ని పరుగులు చేసినాడు అని మాకు జాబులు వ్రాసినారు. వారికి సమాధానంగానే ఈ నాలుగు పుటలు.